నలభై ఒక్క వీడ్కోళ్లు

రోజు 196

గుడ్డల నీళ్లు 38 చెంచాలు. రత్నం దగ్గులు 23. పాఠంలో దొర్లిన తెలుగు మాటలు 3. కోత 3 చెంచాలు.

గోడ వెంట పోయే చల్లగొట్టం మీద తేమ కోసం కప్పిన గుడ్డలను పొద్దున్నే పిండటం నా మనవరాలు నూకరత్నం పని. కొలిచి రాయటం నా పని. తొట్టి నీళ్లు అంతస్తులో అందరికీ సమానంగా ఇస్తారు. గుడ్డలు పట్టిన తేమ మాత్రం ఎవరింటిది వారిదే. అందులో సగం రత్నానిది. పాఠం వేళ నోట తెలుగు మాట వస్తే మాటకొక చెంచా చొప్పున ఆ సగంలోంచి తీసి మూలనున్న సీసాలో పోస్తాను. ఆ నీళ్లు నేనూ తాగను.

పరీక్షకు ఇంకా ముప్పై ఏడు రోజులున్నాయి. ఈరోజు పాఠం వీడ్కోళ్లు. మా అంతస్తుకు పైనున్న పైవలయం వాళ్లు ఒకరినొకరు విడిచి వెళ్లేటప్పుడు అనే మాటలు నలభై ఒకటి పోగుచేశాను. పై అధికారితో ఏది అనాలి, స్నేహితురాలితో ఏది, తొందరలో ఏది, తిరిగి కలవమని తెలిసినప్పుడు ఏది, అన్నీ వరుసగా రాసిచ్చాను. సీ యూ లేటర్, క్యాచ్ యూ లేటర్, గాటా రన్. ఇరవై మూడోది హిట్ ద రోడ్.

"రోడ్డంటే ఏటి మామ్మా?" అంది.

మూడు మాటలు, మూడు చెంచాలు. పూర్వం మనుషులు నడవటానికి వేసుకున్న దారి అని ఇంగ్లీషులో చెప్పాను. మరి దాన్ని ఎందుకు కొడతారని ఈసారి ఇంగ్లీషులోనే అడిగింది. అడగకూడదు, అనాలి అన్నాను. నుడికారానికి కారణం వెతికేవాళ్లు బయటివాళ్లు. లోపలివాళ్లు ఊరికే అనేస్తారు.

రోజు 199

నీళ్లు 36. దగ్గులు 25. తెలుగు మాటలు 1.

నా చిన్నతనంలో పైవలయంలో, లోపలి గాలి బయటికి పోకుండా ఆపే గాలితలుపు ఒకటి తెగింది. అప్పట్లో అక్కడ రకరకాల భాషల వాళ్లుండేవారు. అందరి చెవుల్లోనూ అనువాద పరికరాలుండేవి. ఎవరో వెనక్కి రమ్మని కేక వేశారు. పరికరం ఆ కేకను మార్చి చెప్పటానికి రెండు సెకన్లు పట్టింది. పదకొండు మంది పోయారు. ఆ రోజునుంచి పైన చెవి పరికరాలు లేవు. ఇంగ్లీషు పుట్టినింటి భాషలా నోటికి వచ్చినవాళ్లనే పైకి రానిస్తారు.

వ్యాకరణం అడగరు. పన్నెండు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. విసుక్కోవటం, వేళాకోళమాడటం, ఓదార్చటం, సెలవు తీసుకోవటం. అందుకే మా అంతస్తులో దాన్ని కబుర్ల పరీక్ష అంటారు. పదమూడు నిండిన ఏడాది ఒక్కసారే అవకాశం ఇస్తారు. నెగ్గినవాళ్లను తాడుబండిలో పైకి తీసుకుపోతారు.

ఇక్కడ మేం పీల్చే ఎర్రపొడి పైన లేదు. పైకి వెళ్లిన పిల్లల దగ్గు ఆరు నెలల్లో తగ్గిందని ఉత్తరాలు వచ్చాయి. కింద ఉండి తగ్గిన దగ్గు నా లెక్కల్లో ఒక్కటీ లేదు. రత్నం తల్లివీ తండ్రివీ రెండు లెక్కలూ ఈ పుస్తకంలోనే మొదటినుంచి చివరిదాకా ఉన్నాయి. మొదటి ఏడాది దగ్గులు రోజుకు పాతిక దాటవు. ఆ తరువాత మూడేళ్లే బతికారు.

రోజు 204

నీళ్లు 37. దగ్గులు 31. తెలుగు మాటలు లేవు. కోత లేదు.

ఒంట్లో బాగాలేదని చెప్పటం ఈరోజు పాఠం. పైవాళ్లు బాధను ఉన్నంత చెప్పరు, తగ్గించి చెబుతారు. జ్వరం కాలిపోతున్నా అండర్ ద వెదర్ అంటారు, అదీ కొంచెం నవ్వుతూ. వెదరంటే ఏమిటో ఇక్కడ పుట్టిన పిల్లకు తెలియదు. ఎండా వానా ఎరగదు. అయినా నేర్చుకుంది.

మధ్యలో దగ్గు తెర వచ్చింది. చేతిగుడ్డ తీసి చూసుకుంది. గుడ్డ మీద గోరంత ఎరుపు. పొడి ఎరుపు కాదు, తడి ఎరుపు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, కొంచెం అండర్ ద వెదర్‌గా ఉన్నానని ఇంగ్లీషులో చెప్పింది. పెదవి చివర చిన్న నవ్వు, సరిగ్గా నేను చూపించినట్టే.

పదికి పది వేశాను.

రోజు 209

నీళ్లు 35. దగ్గులు 28.

పక్కింటి గవరమ్మ కూతురు మంగవేణి పొద్దున పోయింది. పద్నాలుగేళ్లు. దగ్గే.

రత్నాన్ని తీసుకుని వెళ్లాను. రత్నమూ మంగవేణీ ఒకే బల్ల మీద చదివారు. చావింట చేయవలసింది చెప్పే తీసుకెళ్లాను. వెళ్లి కూర్చోవాలి. అడిగితే తప్ప మాట్లాడకూడదు. నోట్లో ఏదీ ఉండకూడదు. లేచి వచ్చేటప్పుడు వెళ్తామనకూడదు, వస్తామని అసలే అనకూడదు. వెనక్కి చూడకూడదు. మన గడప తొక్కే ముందు కాళ్లు కడుక్కోవాలి. మా అంతస్తులో నీళ్లు చాలవు కనుక కాలికొక చెంచా, నెత్తిన ఒక చెంచా. మూడు చెంచాలతో సరిపెట్టుకుంటాం.

అరగంట కూర్చున్నాం. లేచాం. గుమ్మం దాకా వచ్చాక రత్నం వెనక్కి తిరిగి, గోడకు చేరబడి ఉన్న గవరమ్మతో, సీ యూ లేటర్ అంది.

ఎంతో సహజంగా అంది. నలభై ఒకటిలో మొదటిది. పదమూడు రోజులుగా రోజుకు వందసార్లు అనిపించిన మాట. గవరమ్మ తలెత్తి చూసింది. లోపలున్న ఆడవాళ్లలో ఒకామె మాత్రం, "టీచరమ్మగారి సదువు" అంది.

రోజు 210

నీళ్లు 36. దగ్గులు 30.

నిన్న ఇంటికి వచ్చాక రత్నం నోట్లో గల్లుప్పు పెట్టి మూల నిలబెట్టాను. పావుగంట అనుకున్నాను. ఏడుస్తూ ఉమ్మింది, మళ్లీ పెట్టాను. మొత్తం నలభై నిమిషాలు. ఉప్పుకు దగ్గు పెరిగింది. ఆ దగ్గులు నిన్నటి లెక్కలో కలపలేదు. అవి శిక్షవి, జబ్బువి కావు.

తరువాత ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను.

"చావింట్లోంచి వచ్చేటప్పుడు ఏమంటారు?"

"ఏటీ అనరు మామ్మా."

"ఏ భాషలో?"

"ఏ బాసలోనూ అనరు."

"మళ్లీ చెప్పు."

ఇరవైసార్లు చెప్పించాను. పాఠం వేళ కాదు కనుక ఆ తెలుగు మాటలకు కోత వేయలేదు.

రోజు 222

నీళ్లు 33. దగ్గులు 34. తెలుగు మాటలు లేవు.

పరీక్షకు సాక్షిని చీటీ తీసి ఎన్నుకుంటారు. ఈ ఏడాది చీటీ గవరమ్మకు వచ్చింది.

ఒక సంగతి ఇక్కడ రాసి ఉంచాలి. బడిలో ఇరవై ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పిన దాన్ని కనుక పరీక్షలకు ఇక్కడి తరఫు లేఖకురాలిని నేనే. పైనుంచి వచ్చే పరీక్షకులు మార్కులు వేస్తారు. నేను పక్కన కూర్చుని ఏం జరిగిందో రాస్తాను. ఆ కాగితం కింద ఇక్కడి పద్ధతి అని ఒక గడి ఉంటుంది. పిల్ల తప్పు మాట్లాడింది భాష రాక కాదు, మా పద్ధతి వల్ల అని నేను అందులో రాస్తే ఆ పన్నెండు నిమిషాల రికార్డు పైకి వెళ్తుంది. మళ్లీ విని మార్కులు తేలుస్తారు. అందాకా బండిలో సీటు ఆపుతారు. ఆ గడిలో నా చేతిరాత తప్ప ఇంకెవరిదీ చెల్లదు.

పోయినేడు పరీక్షలో మంగవేణికి పరీక్షకుడు ఒక నారింజ తొన ఇవ్వబోయాడు. ఇక్కడ ఎవరూ నారింజ చూసి ఎరగరు. నో థాంక్స్ అంది ఆ పిల్ల. తల్లి అలాగే పెంచింది. మూడోసారి అడిగేదాకా చెయ్యి చాచకూడదు. ఆయన రెండోసారి అడగలేదు. వాళ్లలో వద్దంటే వద్దనే. తొన తానే తినేశాడు, మాట అక్కడితో తెగిపోయింది. యాభైకి నలభై వస్తే గట్టెక్కేది. ముప్పై ఆరు వచ్చాయి.

ఆ సాయంత్రం గవరమ్మ మా గుమ్మంలో నిలబడింది. గడిలో ఒక్క ముక్క రాయమంది. నేను రాయలేదు. పద్ధతి పేరు చెప్పి ఒక్కరికి రాస్తే రేపు ప్రతి తప్పూ పద్ధతే అవుతుంది, మా అంతస్తు పిల్లల పరీక్షలకు విలువ ఉండదు అని చెప్పాను. ఏమీ లేదు అని రాసి సంతకం చేశాను. నేను చెప్పింది న్యాయమే. ఇప్పటికీ న్యాయమే.

రత్నానికి మాత్రం మర్నాటినుంచే మొదటిసారికే చెయ్యి చాచటం నేర్పాను.

రోజు 233

నీళ్లు 34. దగ్గులు పరీక్షకు ముందు 12, పరీక్షలో 2, తరువాత లెక్కపెట్టలేదు.

పరీక్షకురాలి పేరు మిస్ ఆల్డెన్. నలభై ఏళ్లుంటాయి. కళ్ల కింద నలుపు. బడి గదిలో కిటికీ వైపు ఆమె, ఎదురుగా రత్నం, పక్కన నేను, గోడ దగ్గర పీట మీద గవరమ్మ. కూతురి చదువు వింటూ విన్న ఇంగ్లీషు గవరమ్మకు కొంత తెలుసు.

మాట్లాడవలసిన సందర్భాలు రాసిన చీట్లు అయిదు, ఒక్కొక్కదానికి పది మార్కులు. మొదటి చీటీ పని మీద విసుగు. వడపోత షెడ్డులో మేస్త్రీని రత్నం తిట్టిన తీరుకు మిస్ ఆల్డెన్ నవ్వింది. తొమ్మిది. వేళాకోళానికి తొమ్మిది. మూడోదానికి ఆమె పిప్పరమెంటు బిళ్ల ఇచ్చింది. మొదటి మాటకే రత్నం తీసుకుని బుగ్గన పెట్టుకుని మాట కొనసాగించింది. ఎనిమిది. గవరమ్మ ఆ బుగ్గ వైపే చూసింది. నాలుగోది ఒంట్లో బాగాలేకపోవటం. దగ్గు తానే వచ్చింది. అండర్ ద వెదర్ అంటూ పెదవి చివర నవ్వింది. తొమ్మిది.

మొత్తం ముప్పై అయిదు. ఇంకా అయిదు చాలు. అయిదో చీటీ నాకు తెలుసు. ప్రతి ఏడూ అదే. పరీక్షకురాలు తనవాళ్లలో ఎవరో పోయారని చెబుతుంది. ఓదార్పుకు అయిదు, తరువాత సెలవు తీసుకునే మాటకు అయిదు. ఓదార్పు కుదరకపోయినా నలభై ఒకటిలో ఏదో ఒకటి అని లేస్తే రత్నం పైకి వెళ్లిపోతుంది. ఓదార్పు మాటలు పదహారు నేర్పాను. అది చీటీయే తప్ప నిజం కాదని మాత్రం చెప్పలేదు. చెప్పటం నియమానికి విరుద్ధం.

మిస్ ఆల్డెన్ చీటీని చూడకుండానే బోర్లా పెట్టి, మా అమ్మ పోయి పదకొండు రోజులైంది అంది.

రత్నం ముఖం మారింది. బుగ్గనున్న బిళ్లను నోట్లోంచి తీసి గుప్పిట్లో దాచింది. కుర్చీ దిగి ఆమె దగ్గరగా నేల మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది. మాట్లాడలేదు. నేను గడియారం చూశాను. నిమిషం. ఇంకో నలభై సెకన్లు. మిస్ ఆల్డెన్ ఒకసారి పెదవి కదిపి మళ్లీ మూసుకుంది. అప్పుడు రత్నం లేచింది. ఆమె వైపు గానీ నా వైపు గానీ చూడలేదు. వెనక్కి తిరగకుండా తలుపు తీసుకుని వెళ్లిపోయింది. బయట గడప దగ్గర తను వెంట తెచ్చుకున్న నీళ్ల సీసా మూత తీసిన చప్పుడు, నీళ్లు పడిన చప్పుడు వినిపించాయి. మూడుసార్లు.

ఏమీ తప్పు చేయలేదు. నేను నేర్పింది నేర్పినట్టే చేసింది.

మిస్ ఆల్డెన్ కలం తీసుకుంది. రెండు సున్నాలు వేసింది. వేసి నాతో చెప్పింది. చీటీలో అమ్మ అని ఉండదట, ఎవరో దూరపు బంధువనే ఉంటుందట. అమ్మ పోయిన మాట నిజమట. ఈ పదకొండు రోజుల్లో పైన కనీసం వంద మంది తనకు సంతాపం చెప్పారట, ఒక్కొక్కరికి నాలుగు సెకన్లు పట్టిందట. మాట్లాడకుండా తనతో కూర్చున్నది ఈ పిల్ల ఒక్కతేనట.

"ఇది మీ పద్ధతా?" అని అడిగింది. కాగితం నా వైపు తిప్పి ఆ గడి మీద వేలు పెట్టింది.

నేను గవరమ్మ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఆమె పీట మీంచి లేచి నిలబడింది.

"రాసీండి టీచరమ్మా," అంది. "మా గుంటకి రాయనేదని దీనికీ మానేస్తే నాకేటొస్తాది? రాసీండి. నానేటీ అననమ్మా."

ఆమె ఇంకొక మాట అని ఉంటే, పోయినేటి సంగతి ఎత్తి నన్ను నిలదీసి ఉంటే, రాసేదాన్నేమో. ఆమె క్షమించింది. ఇప్పుడు ఆ గడిలో ఒక్క ముక్క రాస్తే, పోయినేడు కూడా రాసి ఉండవచ్చన్నమాట. మంగవేణికి నాలుగు మార్కులు తక్కువ కాలేదన్నమాట. అప్పుడు ఆ పిల్లను చంపింది దగ్గు కాదు.

మిస్ ఆల్డెన్ మళ్లీ అడిగింది, పద్ధతేనా అని. నైదర్ హియర్ నార్ దేర్ అన్నాను. ఉన్నా లేకపోయినా ఒకటే అని. ఇన్నేళ్లలో ఆ మాట నా నోట అంత సహజంగా ఎప్పుడూ రాలేదు. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి కాగితం వదిలేసింది.

ఏమీ లేదు అని రాసి సంతకం చేశాను. ముప్పై అయిదు.

రోజు 234

నీళ్లు 34. దగ్గులు 37.

మధ్యాహ్నం తాడుబండి వెళ్లింది. ముగ్గురు పిల్లలు ఎక్కారు. నాలుగో సీటు ఖాళీగా వెళ్లింది.

గడి సంగతి రత్నానికి ఎవరు చెప్పారో తెలియదు. నేను చెప్పలేదు, గవరమ్మ చెప్పి ఉండదు. బడి గది తలుపు పలచన. బయట కాళ్లు కడుక్కున్న పిల్ల అక్కడే నిలబడి ఉండవచ్చు.

"నువ్వే కదా మామ్మా అలా సెయ్యమన్నావు," అంది.

"అన్నాను."

"మరి రాయనేదేం?"

"రాస్తే అన్యాయమయ్యేది."

"ఎవులికి?"

నేను పుస్తకం తెరిచి రోజు లెక్క రాసుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. అది ఆమె నాతో మాట్లాడిన చివరి తెలుగు.

రోజు 236

నీళ్లు 35. దగ్గులు 36.

పాఠాలు అయిపోయాయి కనుక కోత సీసా మూత తీసి కొలిచాను. 118 చెంచాలు. మొదటినుంచి పుస్తకంలో రాసిన లెక్కతో సరిపోయింది, ఒక్క చెంచా తేడా లేదు. సీసా రత్నం ముందు పెట్టి తాగమన్నాను.

నో థాంక్స్ అంది.

మన పద్ధతి ప్రకారం రెండోసారి అడిగాను. మూడోసారీ అడిగాను. మూడుసార్లూ అదే మాట, అదే స్వరం. స్వరంలో తప్పు పట్టటానికి ఏమీ లేదు.

రోజు 238

నీళ్లు 33. దగ్గులు 39.

రత్నం నిన్నటినుంచి వడపోత షెడ్డులో పనికి వెళ్తోంది. పరీక్ష పోయిన పిల్లలందరూ వెళ్లేది అక్కడికే. పొడి సంచులు దులపాలి. నిన్న పొద్దున చెప్పకుండా వెళ్లింది. తొందరలో మరిచిపోయిందనుకున్నాను. ఈరోజు గుమ్మం దగ్గర నిలబడి చూశాను. నన్ను దాటుకునే వెళ్లింది. వెళ్లొస్తానని అనలేదు. నలభై ఒకటిలో ఒక్కటీ అనలేదు. వెనక్కి చూడలేదు.

రోజు 243

నీళ్లు 34. దగ్గులు 41.

గవరమ్మ కూడా ఆ షెడ్డులోనే పనిచేస్తుంది. సాయంత్రం తొట్టి దగ్గర వరసలో నా వెనక నిలబడింది. గొంతు తగ్గించి చెప్పింది.

"మీ గుంట రోజూ షెడ్డు గడపలో కాళ్లు కడుక్కుని గానీ లోపలికి రాదు టీచరమ్మా. కాలికి సెంచా, నెత్తిన సెంచా. ఎవులింట సావని మావోళ్లు అడుగుతన్నారు. ఏటని సెప్పీది?"

వరస ముందుకు కదిలింది. నా పాత్ర నింపుకున్నాను.

రోజు 251

గుడ్డల నీళ్లు 34 చెంచాలు. రత్నం వంతు 17. తాగినవి 14. వెంట తీసుకెళ్లినవి 3.

దగ్గులు ఇంట్లో 19. షెడ్డులోవి తెలియవు.

పొద్దున్నే వెళ్లింది. చెప్పలేదు.